పెట్టే చెయ్యి

మా కుట్టుపని గదిలో అక్కని అందరం ‘పెట్టే చెయ్యి’ అనేవాళ్ళం. మధ్యాహ్నం డబ్బా మూత తీసిందంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళకి పంచడమే. “ఇంకొంచెం తిను, ఎండిపోయావు” అని నాకే ఎక్కువ పెట్టేది. నేను ఎండిపోవడమేమిటి, నా కుర్చీని అడిగితే చెబుతుంది. పక్కపక్క మిషన్ల మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ ఏళ్ళు గడిచిపోయాయి మాకు. నా నోట్లో నువ్వుగింజ నానదు. అక్క నోరు విప్పడమే అరుదు.

పిల్లల బట్టలకి లోపల కాస్త గుడ్డ వదిలి కుడతాం, ఎదిగేకొద్దీ కుట్లు విప్పుకోవచ్చని. అక్క కూతురి యూనిఫారం మాత్రం ఆ ఏడాది అడ్డం తిరిగింది. విప్పాల్సిన వయసులో నడుము లోపలికి, ఇంకా లోపలికి కుట్టుకుంటూ వచ్చింది అక్క. “ఏంటిది?” అంటే, “పొడుగవుతోంది కదా, సన్నబడుతుంది” అంది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల ఎముకలకి తోలు కప్పినట్టుంటే పొడుగట, పొడుగు.

ఆ సాయంత్రం మిషన్లు ఆపాక తనే చెప్పింది. తనకో చెల్లెలుండేదట. ఈడొచ్చాక తిండి మానేసి, మానేసి పోయిందట.

“జ్వరమని చెప్పాం అందరికీ. అమ్మ ఫొటోలన్నీ తీసేసింది. అన్నం మెతుకులు చిదిపి, కంచం అంచు చుట్టూ వరసగా పేర్చేదే నా చెల్లెలు. మధ్యలో ఖాళీ చూపించి తినేశాననేది. నా కూతురికి పిన్ని ఉండేదన్న సంగతే తెలీదు. మొన్న దాని కంచం తీస్తుంటే, చుట్టూ అదే వరస.” అక్క మిషను మీద గుడ్డ కప్పింది. “తిరిగొచ్చిందే. నా పిల్ల మీదికొచ్చింది.”

నాకూ భయమేసింది, అబద్ధమెందుకు. “డాక్టరుకి చెప్పావా?” అన్నాను.

మీ వైపు ఇలా ఎవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడిగిందట. లేదని చెప్పొచ్చిందట ఈ మహాతల్లి. బరువు ఇంకా తగ్గితే పిల్ల గుండె ఆగిపోవచ్చని ఆవిడ చెప్పాక కూడా.

“కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందే.”

“చించుకోకపోతే కడుపున పుట్టింది పోతుంది” అన్నాను. మర్నాడు వాళ్ళిద్దరినీ నేనే లాక్కెళ్ళాను.

అక్క అన్నీ చెప్పింది, మీదికి రావడంతో సహా. డాక్టరమ్మ నవ్వలేదు. “తిరిగొచ్చింది మీ చెల్లెలు కాదమ్మా. ఇందులో కొంత రక్తంలో దిగుతుంది. చాలామంది ఒక పూట తినకపోతే అల్లాడిపోతారు. కొందరికి ఆ ఖాళీ కడుపే నెమ్మదిగా, హాయిగా ఉంటుంది. ఆ తత్వం ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి రావచ్చు. వచ్చితీరాలనీ లేదు. మీ పెంపకం తప్పూ కాదు, అమ్మాయి మొండితనమూ కాదు. ఇంకెవరికైనా ఉందా?”

“ఇంకెవరూ లేరు. ఒట్టు” అంది అక్క. ఈసారి నిజమనుకునే అంది.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పిల్ల తలెత్తింది. “అమ్మ తినదు” అంది.

“ఏం మాటలే అవి?”

“మాకు పెడుతూ నిలబడతావు. తర్వాత తింటానంటావు. నువ్వు కూర్చుని తినగా నేనెప్పుడూ చూళ్ళేదు.”

అక్క నా వైపు తిరిగింది. “మధ్యాహ్నం డబ్బా తింటానుగా. చెప్పవే.”

నేను నోరు తెరిచాను. ఇన్నేళ్ళలో ఆ డబ్బాలోంచి ఆవిడ నోట్లోకి వెళ్ళిన ముద్ద ఒక్కటైనా గుర్తొస్తుందేమోనని వెతుక్కున్నాను. అన్నీ నా ముద్దలే గుర్తొచ్చాయి.

పిల్లని ఆసుపత్రిలో ఉంచుకున్నారు. తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని తినాలని చెప్పారు. మొదటిరోజు నేనూ పక్కనే ఉన్నాను. అక్క ముద్ద కలిపింది, అలవాటుగా చెయ్యి నా వైపు వచ్చింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. పిల్ల వైపు వెళ్ళింది. పిల్ల తన కంచం చూపించింది. ఇక పెట్టడానికి ఎవరూ లేక, ఆ ముద్ద తన నోట్లోనే పెట్టుకుంది. నమిలింది, నమిలింది, మింగుడుపడలేదు. కళ్ళ నీళ్ళతో మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

“నీళ్ళు తాగకమ్మా” అంది పిల్ల మెల్లిగా. “నీళ్ళు తాగితే కడుపు నిండినట్టుంటుంది. ఇంక తినలేవు.”

అక్క గ్లాసు కింద పెట్టింది.