గోడ మీది ఎర్ర పోగు

ఎమ్మిగనూరులో ఈ రోజు మా ఇంటి ముందు గది గోడలు దులుపుతుంటే, దోసగింజంత బూడిదరంగు గూడొకటి పాకుతూ కనిపించింది. చీపురుతో ఒక్కటేశాను. గూడు చిట్లి లోపలి పురుగు చచ్చిపోయింది. బతికుంటే ఇంకొన్నాళ్లకు రెక్కలొచ్చి, చిన్న బూడిదరంగు చిమ్మటై ఎగిరేదని తర్వాత ఫోన్‌లో చదివాను.

నిరుటిదాకా ఇదే గదిలో మగ్గం నేసిన మా అన్న ఆ గూటిని అరచేతిలో పెట్టుకున్నాడు. దుమ్మూ ఇసుకా కలిపి అల్లిన ఆ గూటిలో ఒక ఎర్ర పోగు చూపించాడు.

"మన మగ్గం నూలురా ఇది. ఈ ఇంట్లో ఇంగా నేస్తాండింది ఇదొకటే. దీన్ని గూడా తీసేస్తివి."

నవ్వుతూనే అన్నాడు. మగ్గం తీసేసి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంత పూడ్చి టైల్స్ వేద్దామని పోరుపెట్టింది నేనే.

మీ గోడల మీది గూళ్లలో ఏ రంగు పోగుందో చూసి చెప్పండి. మా గోడలు మాత్రం చాలా శుభ్రంగా ఉన్నాయి.