గుండె మాత్రలు

ఒక మాట గొంతులో పెట్టుకుని చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. నా వయసు అరవై దాటింది. విజయవాడలో కొడుకు దగ్గర ఉంటాను. నాకు హెచ్ఐవీ ఉంది. మా ఆయన పోతూ పోతూ ఇచ్చి వెళ్ళారు. చూశారా, మా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి మీకెంత తేలిగ్గా చెప్పేశానో! కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఇది జబ్బు. నేను చెప్పాల్సింది తప్పు.

మందులిచ్చే ఆస్పత్రి వరండాలో నాకు ఒకావిడ పరిచయమైంది. పేరు రాయను. వదిన అంటాను, మేం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. ఆవిడది కంకిపాడు. భర్త చేపల వ్యాపారం చేసేవాడు, ఇదే జబ్బుతో పోయాడు. మొదటిసారి చూసినప్పుడు మందుల సీసా కొంగులో చుట్టుకుని ఏడుస్తోంది. ఇంట్లో ఇవేం మందులంటే ఏం చెప్పాలి, అదీ ఆవిడ ఏడుపు. అబద్ధాల్లో నేను అప్పటికే ఆరితేరాను. సీసా మీది కాగితం గోటితో గీకేసి, "గుండె మాత్రలని చెప్పు వదినా. గుండె జబ్బంటే జాలిపడతారేగానీ ఎవరూ దూరం జరగరు," అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అబద్ధం బ్రహ్మాండంగా పనిచేసింది. మందులకు వచ్చే రోజున ఇద్దరం ఇళ్ళల్లో గుణదల మేరీమాతకు మొక్కు అని చెప్పేవాళ్ళం. మరీ పూర్తి అబద్ధమైతే బాగుండదని, మందులు తీసుకున్నాక నిజంగానే కొండెక్కి కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. తర్వాత మెట్ల మీద కూర్చుని మరమరాలు తింటూ కోడళ్ళను ఆడిపోసుకునేవాళ్ళం. నేను మనసారా నవ్వింది ఆ మెట్ల మీదే. నన్ను ఉన్నదున్నట్టు ఎరిగిన మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే.

వయసు పైబడ్డాక డాక్టరమ్మ కొత్త సంగతి చెప్పింది. ఇన్నేళ్ళు ఈ జబ్బుతో బతికినవాళ్ళు గుండెను మరింత జాగ్రత్తగా చూసుకోవాలట. బీపీ చూపించుకోవాలి, ఉప్పు తగ్గించాలి, నడవాలి. మనసు నిమ్మళంగా ఉండడానికి మా పెద్దవాళ్ళందరినీ చాపల మీద కూర్చోబెట్టి ఊపిరిని గమనించడం నేర్పించారు. వచ్చిన ఆలోచనను తరిమేయకండి, చూస్తూ ఉండండి అనేది నేర్పే అమ్మాయి. వదిన మొదట్లో గురక పెట్టేది. పోను పోను ఇద్దరికీ అది బాగా ఒంటబట్టింది. భయం వేసినప్పుడు ఒకరి చేయి ఒకరం పట్టుకుని ఊపిరి చూసుకునేవాళ్ళం.

ఇక ఆ రోజు సంగతి. వదిన మనవరాలి ఓణీల ఫంక్షన్. ముందురోజే రమ్మంటే నేనూ కంకిపాడు వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, ఇంటినిండా బంధువులు. పొద్దున్నే వదిన లోపలి గదిలో ఛాతీ పట్టుకుని కూలబడింది. ఎడమ చేయి లాగేస్తోందంది. నుదుట చెమటలు. కోడలు కంగారుగా పరుగెత్తుకొచ్చింది.

"గుండె మాత్ర వేసుకున్నారా అత్తయ్యా?"

"వేసుకున్నానమ్మా."

"అయితే సర్దుకుంటుందిలెండి. కాసేపు పడుకోండి. పిన్నిగారూ, కాస్త దగ్గర కూర్చుంటారా?"

మంచి పిల్ల. తన తప్పేముంది? మాత్ర వేసుకుంటే గుండె నొప్పి తగ్గుతుందనుకుంది. ఆ మాత్రకూ గుండెకూ సంబంధం లేదని ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. వదిన నా వైపు చూసింది. ఏం చేద్దామని అడుగుతున్న చూపు. కారు తియ్యండి అంటే చాలు. నేను అనలేదు.

"ఊపిరి మీద మనసు పెట్టు వదినా. తగ్గిపోతుంది," అన్నాను.

ఎందుకన్నాను? ఆవిడ పరువు కోసమే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆస్పత్రిలో ఏం మందులు వాడుతున్నారని అడుగుతారు, రక్తం తీస్తారు, బంధువులంతా అక్కడే గుమిగూడతారు, పిల్ల ఫంక్షన్ నలుగురి నోళ్ళలో పడుతుంది. ఇవన్నీ నిజంగానే నా మనసులోకి వచ్చాయి, కాదనను, కానీ వాటి అడుగున ఇంకొకటి ఉంది, దాన్ని చూడడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆవిడ సంగతి బయటపడితే, ఆవిడతో జతగా గుణదల వెళ్ళే నా సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. మా కోడలి చెవిన పడుతుంది. అప్పుడు నా మనవణ్ణి నా ఒళ్ళో పడుకోనిస్తుందా? వదిన చేయి నా చేతిలో ఉంది. నేను ఆలోచిస్తున్నది నా ఒడి గురించి.

ఆవిడ మాత్రం నేను చెప్పినట్టే, బుద్ధిగా, పీల్చింది, వదిలింది. మధ్యలో "బాగానే చేస్తున్నానా?" అని కూడా అడిగింది. బయట హారతి అయింది, భోజనాలు మొదలయ్యాయి. వాంతి చేసుకుని కళ్ళు తేలేశాక గానీ నేను కేకలు పెట్టలేదు.

విజయవాడ తీసుకెళ్ళాం. నేను డాక్టరును పక్కకు పిలిచి అసలు జబ్బు చెప్పాను. ఆయన తలూపాడు. ఇంట్లోవాళ్ళకు తెలియనివ్వనన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. అంతే! నేను అంత భయపడింది ఒక్క గుసగుసతో తేలిపోయింది. "పొద్దున్నే తెచ్చుంటే గుండె ఇంత దెబ్బతినేది కాదమ్మా," అని మాత్రం అన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

వదిన బతికింది. ఇప్పుడు నిజం గుండె మాత్రలు కూడా వేసుకుంటోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుణదలలో తను కింద కూర్చుంటుంది, ఇద్దరి కొవ్వొత్తులూ నేనే వెలిగించి వస్తాను. దిగేటప్పటికి మరమరాల పొట్లంలో నా వాటా దాచి ఉంచుతుంది. "నువ్వు పక్కన కూర్చుని ఊపిరి చూసుకోమన్నావు కాబట్టి బతికాను" అని కనబడ్డవాళ్ళందరికీ చెబుతుంది. వాళ్ళ కోడలు నాకు పట్టుచీర పెట్టింది. మందులిచ్చే ఆస్పత్రిలో కొత్తవాళ్ళకు ఆ కథ చెప్పమని ఊపిరి నేర్పే అమ్మాయి నన్నే లేపుతుంది. చెప్పాను. ఒకసారి కాదు. చెప్పేకొద్దీ మెరుగులు కూడా దిద్దాను. సిగ్గులేదా నాకు? ఉంది. అయినా చెప్పాను.

పోయిన నెల మైలవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ కథంతా శ్రద్ధగా విని, "నాకూ అప్పుడప్పుడు ఛాతీలో పట్టేస్తుందమ్మా. ఈసారి నేనూ అలాగే కూర్చుంటాను," అన్నాడు.

"వద్దండీ! కూర్చోకండి. ముందు ఆస్పత్రికి పోండి. ఊపిరి దారిలో ఆటోలో చూసుకోవచ్చు," అని అరిచినంత పని చేశాను. ఆయన్ను అప్పటికప్పుడు డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను కూడా.

తిరిగొస్తే వదిన నవ్వుతోంది. "మరి నన్నెందుకు కూర్చోబెట్టావు వదినా?" అంది. ఆటపట్టించడానికే. ఆవిడ మనసులో ఇంకేమీ లేదు.

నేనూ నవ్వాను. చాప మీద ఆవిడ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఆవిడ నా చేయి పట్టుకుంది.

జవాబు ఆవిడకు ఇంకా చెప్పలేదు. చెప్పగలనో లేదో తెలియదు. చెబితే క్షమిస్తుంది, నాకు తెలుసు, ఆ క్షమకు కూడా నాకు భయమే. మీకు రాశాను కాబట్టి ఈ పూట గొంతులో కొంచెం చోటు దొరికింది. జవాబు చిన్నదే. నా కోసం, వదినా. నా కోసం కూర్చోబెట్టాను.