వంకాయ రంగు పెళ్ళికారు

ఒక శ్రావణమాసపు మధ్యాహ్నం చల్లపల్లిలో, రెండు వందల మంది పెళ్ళిజనం చూస్తుండగా, ఒక కారు ఒంటి మీది బట్టలు విప్పుకుని నిలబడింది. కారుకి బట్టలేమిటని మీరు అడుగుతారు. ఆ ప్రశ్న నేను ముందే వేసుకుని ఉంటే కథ ఇంతదాకా వచ్చేదే కాదు. బట్టలు తొడిగించింది నేనే. ఊడిపోయాక వాటిని చేత్తో పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డదీ నేనే. ఇరవై ఏళ్ళు దాటినా, మా చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా పులిహోర తర్వాత వడ్డించేది ఈ కథే. వడ్డించే ప్రతివాళ్ళూ కాస్త కారం ఎక్కువ వేస్తున్నారు కాబట్టి, ఈసారి గరిటె నేనే తీసుకుంటున్నాను.

కారు మా కృష్ణమూర్తి బాబాయిది. పాత అంబాసిడర్. బాబాయికి చల్లపల్లిలో కొంచెం పొలం, ఒక ఎరువుల కొట్టు ఉండేవి. ఒక్కతే కూతురు, సుజాత. ఆ పిల్లని పుట్టిన పదకొండో రోజున ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఆ కారే. బడికి దింపినా, బెజవాడ కాలేజీలో చేర్చినా, పెళ్ళిచూపులకి చీర కొన్నా అన్నిటికీ ఆ కారే. సంబంధం కుదిరాక, గుణదలలో ఉండే వియ్యంకుడు గారు అప్పగింతలకి తమ కొత్త కారు పంపిస్తామని కబురు చేశారు. బాబాయి మర్యాదగానే వద్దన్నాడు.

"నా కూతుర్ని ఈ ఇంటికి తెచ్చింది ఆ కారేరా శీనూ. అత్తారింట్లో దింపేదీ అదే" అన్నాడు నాతో.

బాగానే ఉంది. కానీ ఆ కారు అప్పుడు ఉన్న అవతారంలో ఆడపిల్లని కాదు, ఎరువు బస్తాని ఎక్కించాలన్నా ఆలోచించాలి. తెల్లరంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. తలుపుల అంచులు తుప్పుపట్టి నమిలేసినట్టున్నాయి. పెళ్ళి రెండు వారాల్లో ఉంది. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ ఆఫీసులో పని. కంప్యూటరు ముందు కూర్చునేవాడికి తెలియనిది ఉండదని మా వాళ్ళందరూ నమ్మేవారు. నిజం చెప్పొద్దూ, అందరికన్నా గట్టిగా నమ్మింది నేనే. బాబాయి తాళాలు నా చేతిలో పెట్టి, ఆటోనగర్‌లో మస్తాన్ గారి షెడ్డుకి తీసుకెళ్ళి రంగు వేయించుకు రమ్మన్నాడు. ఆయన ఏం చెబితే అది చేయమనీ, సొంత తెలివి వాడొద్దనీ కూడా చెప్పాడు. రెండోమాట నాకు సరిగ్గా ఎక్కలేదు.

మస్తాన్ గారు ముప్పై ఏళ్ళుగా కార్లకి రంగులు వేస్తున్న మనిషి. ఆయన గోళ్ళు చూస్తే ఆ వారం ఏయే కార్లు వచ్చాయో చెప్పేయొచ్చు. కారు చుట్టూ మెల్లగా తిరిగి, అక్కడక్కడా వేలితో కొట్టి చూసి, బానెట్ మీద గోటితో ఒక్క గీటు గీశారు. తెల్ల పెచ్చు లేచి, కింద నీలం కనిపించింది.

"పదిహేను రోజులు పడుతుంది బాబూ."

"పెళ్ళి పదమూడో రోజునండీ."

"అయితే రెండు రోజుల ముందు రావాల్సింది."

తర్వాత ఆయన ఓపిగ్గా వివరంగా చెప్పారు. సుజాత మూడో తరగతిలో ఉండగా బాబాయి సొసైటీ ప్రెసిడెంటుగా పోటీ చేశాడు. నాయకుడంటే తెల్లకారు ఉండాలని, ఆకాశనీలం కారుని మూడు రోజుల్లో తెల్లగా చేసి ఇమ్మని షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కింది రంగు గోకడానికి కూడా టైమివ్వలేదు. నాకూ ఆ సంగతి గుర్తుంది. ఎన్నికల్లో బాబాయి ఓడిపోయాడు. బడి నుంచి వచ్చిన సుజాత ఇది మన కారు కాదని రెండు రోజులు అన్నం ముట్టలేదు. వచ్చే ఏడు మళ్ళీ నీలం వేయిస్తానని బాబాయి మాటిచ్చాడు. ఆ వచ్చే ఏడు పదమూడేళ్ళయినా రాలేదు.

"ఈ తెలుపుకి పట్టు లేదు బాబూ, ఊరికే కూర్చుని ఉంది. దీని మీద ఏం వేసినా, లేచేటప్పుడు దీన్ని కూడా తీసుకునే లేస్తుంది. ప్రస్తుతానికి పెచ్చులు సరిచేసి పాలిష్ పెట్టి ఇస్తాను. పెళ్ళయ్యాక తీరిగ్గా తీసుకురండి."

ఇంత స్పష్టంగా ఎవరైనా చెబుతారా? చెప్పారు. కానీ నా చెవికి పదిహేను రోజులన్న మాట మాత్రమే చేరింది. పాలిష్ పెట్టిన ముసలి కారు తీసుకెళ్ళి బాబాయి ముందు నిలబెడితే నా తెలివి ఏం కావాలి?

నా ఆఫీసు పక్కనే ఒక స్టిక్కర్ల షాపు ఉండేది. నంబరు ప్లేట్లు, రేడియం అక్షరాలు, దుకాణాల బోర్డులు చేసేవాడు. కొత్తగా బస్సుల నిండా ప్రకటనలు అంటిస్తున్నాడు. ఆ సాయంత్రం టీ తాగుతూ ఒక బస్సుని చూస్తుంటే నాకు జ్ఞానోదయమైంది. విదేశాల్లో కార్లకి రంగు బదులు వినైల్ అనే అంటుకునే ప్లాస్టిక్ షీటు చుడతారని ఏదో పత్రికలో చదివాను కూడా. షాపతన్ని అడిగితే, బస్సుకే వేస్తున్నాం, కారెంత సార్ అన్నాడు. మూడు రోజులు చాలన్నాడు. పాపం, అడగాల్సిన ప్రశ్న కూడా అడిగాడు.

"కింద పెయింటు గట్టిదేనా సార్?"

"రాయి" అన్నాను.

అంబాసిడర్‌ని మీరు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? దానికి ఒక్క తిన్నని గీత ఉండదు. బస్సు అంటే అట్టపెట్టె, కాగితం చుట్టేయొచ్చు. అంబాసిడర్‌కి స్టిక్కరు వేయడమంటే గుమ్మడికాయకి నోటుబుక్కు అట్ట వేయడమే. మడ్‌గార్డుల దగ్గర షీటు ముడతలు పడితే, వేడి తగిలించి లాగాలని పై అంతస్తులోని బ్యూటీ పార్లర్ నుంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చాడు. పార్లర్‌కి ఎవరైనా తలస్నానం చేసి వస్తే మా పని ఆగిపోయేది. గాలిబుడగలు వచ్చినచోటల్లా నేను గుండుసూదితో పొడిచేవాణ్ణి. మొత్తానికి మూడు రోజులు ఐదయ్యాయి, కారు తయారైంది. షాపులో ట్యూబులైటు కింద అది ద్రాక్షరసం రంగులో ధగధగలాడింది. తెల్లవారుజామున బయల్దేరి, ఉయ్యూరు దాటాక ఎండలో చూస్తే వంకాయ.

బాబాయి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏంటిరా, వంకాయ రంగేశావు?"

"ఇప్పుడిదే నడుస్తోంది బాబాయ్."

బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు. ఆయన మొహం వెలిగిపోయింది. అద్దంలా వచ్చిందని, మస్తాన్ చేతిలో ఏదో మహిమ ఉందని మురిసిపోయాడు. అక్కడ నేను నిజం చెప్పాల్సింది. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. తెరిచిన నోట్లోంచి, "కొత్త రకం పెయింటు బాబాయ్" అన్న మాట వచ్చింది. బాబాయి అప్పటికప్పుడు ఫోను తీసి, ఇంత బాగా చేసినందుకు పెళ్ళికి తప్పకుండా రావాలని మస్తాన్ గారిని పిలిచాడు. అవతల ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు. నాకు మాత్రం ఆ క్షణం నుంచి పెళ్ళిభోజనం మీద ఆశ పోయింది.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం మగపెళ్ళివారిని ఎదుర్కోవడానికి కారుని పూలతో అలంకరించారు. మీకు తెలుసుగా, మన పెళ్ళికారుకి పూలదండలు నిలబడాలంటే సెల్లో టేపే ఆధారం. పూలతను నాలుగు పెద్ద చుట్లు పట్టుకుని బానెట్ నుంచి డిక్కీ దాకా వరసలు వరసలుగా అంటించేశాడు. నేను పక్కనే నిలబడి, ఆ మూల ఇంకో రెండు టేపులు గట్టిగా వేయమని సలహా కూడా ఇచ్చాను.

అప్పుడే మస్తాన్ గారు దిగారు, ఇస్త్రీ చేసిన తెల్లలాల్చీలో. బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కారు ముందు నిలబెట్టి, ఈ పనితనం ఈయనదేనని వియ్యంకుడు గారికి పరిచయం చేశాడు. మస్తాన్ గారు కారుని చూశారు. నన్ను చూశారు. తలుపు అంచున బొటనవేలు పెట్టి మెల్లగా రాశారు. నా ప్రాణం ఆ వేలి కింద ఉంది.

"ఇంత నున్నగా నా వల్ల ఎప్పుడూ రాలేదండీ" అన్నారు చివరికి. అందరూ ఆయన వినయాన్ని మెచ్చుకున్నారు. ఆయన నన్ను ఎందుకు కాపాడారో ఆ సాయంత్రమంతా ఆలోచించాను. చదువుకున్న పిల్లాడు, పెళ్ళి ఇంట్లో పరువు పోకూడదనుకుని ఉంటారు. ఆ మనిషి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

మర్నాడు ముహూర్తం చక్కగా జరిగింది. మధ్యాహ్నం అప్పగింతలు. సుజాత ఏడుస్తోంది, పిన్ని ఏడుస్తోంది, బాబాయి ఎటో చూస్తూ గొంతు సవరించుకుంటున్నాడు. ఎండకి కారు మీది పూలు వాడిపోయాయని ఎవరో అన్నారు. వాడిన పూలతో పిల్లని పంపడమేమిటని, బాబాయి కొత్త దండలు వేయమన్నాడు. పూలతనికి వేరే పెళ్ళికి ఆలస్యమవుతోంది. దండ దండగా విప్పే ఓపిక లేక, టేపు కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

చర్రుమని శబ్దం వచ్చింది. టేపుతో పాటు వంకాయ రంగు, వంకాయ రంగుతో పాటు దాని కింది తెలుపు, బానెట్ మధ్యలో తివాచీ చుట్టినట్టు లేచి వచ్చేసింది. అతను హడలిపోయి వదిలేశాడు. నేను పరుగెత్తుకెళ్ళి దాన్ని మళ్ళీ అంటించబోయాను. అది కారుకి అంటుకోలేదు, నా అరచేతికి అంటుకుంది. విడిపించుకుందామని చెయ్యి లాగితే మడ్‌గార్డుది కూడా వచ్చింది. ఏడుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. సన్నాయి కూడా ఆగింది.

వియ్యంకుడు గారు మంచి మనిషి. ఏమీ అనకుండా, తమ కారు దగ్గరికి తెమ్మని డ్రైవరుకి సైగ చేశారు. అది చూసి బాబాయి మొహం వాడిపోయింది. ఆ మొహం నేను భరించలేకపోయాను.

"రంగు కాదు బాబాయ్, స్టిక్కరు. మస్తాన్ గారు పైన ఏమీ వేయొద్దన్నారు, పెళ్ళయ్యాక తీసుకురమ్మన్నారు. తప్పు నాది."

 "పెళ్ళయ్యేదాకా ఆగలేకపోయావురా" అన్నాడు బాబాయి నీరసంగా.

వెనక నుంచి మస్తాన్ గారు చిన్నగా దగ్గారు. "కృష్ణమూర్తి గారూ, ఆ తెలుపు మూడు రోజుల్లో కావాలని కుర్చీ వేసుకుని కూర్చున్నది తమరే కదండీ. పిల్లాడు మీ పోలికే."

బాబాయి నా మీంచి చూపు తీసి కారు వైపు తిరిగాడు. ఈలోగా సుజాత పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కారు దగ్గరికి వచ్చింది. బానెట్ మీద, పదమూడేళ్ళుగా ఎండ తగలని ఆకాశనీలం కొత్తగా మెరుస్తోంది. దాని మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"నాన్నా, నా కారు. వచ్చే ఏడు నీలం చేస్తానన్నావు, గుర్తుందా?"

బాబాయి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఈ ఏడు అయిందిగా అమ్మా" అన్నాడు.

ఆ మాటకి నవ్వింది ఎవరో, ఏడ్చింది ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం రెండూ చేశాను. సుజాత మామగారి వైపు తిరిగి, ఏమీ అనుకోవద్దని, తను ఇందులోనే వస్తానని చెప్పింది. ఆయన నవ్వి తమ కారుని పక్కకి పెట్టించారు. కొత్త దండలు వేయడానికి పూలతను మాత్రం ఎంత బతిమాలినా దగ్గరికి రాలేదు.

కారు నేనే నడిపాను. మూడు రంగుల కారు, వెనక సీట్లో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, రెండు పక్కలా గాలికి పటపటా కొట్టుకుంటున్న వంకాయ పీలికలు. దారిపొడుగునా బస్సుల్లో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. బెంజ్ సర్కిల్లో సిగ్నలు పడింది. నా స్టిక్కర్ల షాపతను బయట నిలబడి ఉన్నాడు. తన పనితనాన్ని తలనుంచి తోకదాకా చూసుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి షట్టరు సగం దించుకున్నాడు.

శిక్ష బాబాయి వేశాడు. కారుకి నీలం పడేదాకా రోజూ ఆఫీసవగానే షెడ్డుకి వెళ్ళి, మస్తాన్ గారి కింద నీళ్ళలో ముంచిన గరుకు కాగితంతో రుద్దాలి. రుద్దాను. నా గోళ్ళు కూడా నీలమయ్యాయి. చెప్పినట్టే సరిగ్గా పదిహేను రోజులు పట్టింది. ఆఖరి రోజున, ఆరుతున్న కారు ముందు కూర్చుని టీ తాగుతూ, నా వల్ల మీకు ఎంత తలనొప్పి అని క్షమాపణ అడిగాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

"అలా అనకండి బాబూ. ఆ తెలుపు గోకడానికే నాకు నాలుగు రోజులు పట్టేది. మీ స్టిక్కరు ఒక్క పూటలో సగం కారు లాగేసింది. స్టిక్కరు మంచిదే. అంటించడానికి కాదు, పీకడానికి."

కాబట్టి ఇందుమూలంగా సమస్త బంధుజనానికీ తెలియజేయునది ఏమనగా, శీను అనబడే నేను, ఇకమీదట ఏ వాహనానికీ, బీరువాకీ, చివరికి మా అమ్మాయి నోటుబుక్కుకీ, కింద ఏముందో మస్తాన్ గారిని అడగకుండా పైన ఏదీ అంటించనని పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. మీ ఇళ్ళలో పెళ్ళిళ్ళకి నన్ను నిర్భయంగా పిలవండి. కారు దగ్గరికి రాను. భోజనాల దగ్గరే ఉంటాను.