సారవ్వ పచ్చజొన్న

కమాన్‌పూర్ దగ్గర ఓపెన్‌కాస్టు గని విస్తరించినప్పుడు సారవ్వకున్న రెండెకరాలూ అందులో కలిసిపోయాయి. అది రెండువేల ఆరు. ఊళ్లో చాలామంది గోదావరిఖనిలో ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయారు. సారవ్వ మాత్రం పరిహారం డబ్బుతో ఊరికి మూడు మైళ్ల అవతల ఎకరన్నర మెట్ట చెలక కొంది. దాన్నిండా రాళ్లూ తుమ్మలే.

గనిలో చేసి రిటైరైన ఆమె భర్త రాయమల్లు ఆ నేల చూసి తల పట్టుకున్నాడు. "ఏందే గిది? అడుగు పెడ్తే రాయి తగుల్తంది."

"నువ్వు బొగ్గు తవ్వినవు. నేను గింజ పండిస్త. ఎవలి పని వాళ్లది" అంది సారవ్వ.

రెండు ఎండాకాలాలు రాళ్లు ఏరి గట్లు వేసింది. చుట్టూ ఎటు చూసినా పత్తే. రేషన్ బియ్యం వచ్చాక జొన్న గటక కాచేవాళ్లే కరువయ్యారు. ఆమె దగ్గర మాత్రం తల్లి ఇచ్చిన పచ్చజొన్న విత్తనం ఉంది. భూమి పోయిన రోజుల్లోనూ ఇంటి వెనక నాలుగు సాళ్లు వేసి దాన్ని చావనివ్వలేదు. ఇప్పుడు చెలక నిండా అదే చల్లింది, మధ్యలో కంది.

పక్క చేను సదయ్య నవ్వాడు. "పిట్టల కోసం పండిస్తున్నవా అవ్వా?"

"పిట్టలకింత, నాకింత బిడ్డా" అని, అరవయ్యేళ్ల మనిషి రాళ్లు విసిరే ఒడిసెల పట్టుకుని మంచె ఎక్కింది.

రెండువేల తొమ్మిదిలో వాన మొహం చాటేసింది. రెండుసార్లు పెట్టిన పత్తి రెండుసార్లూ మాడింది. సారవ్వ జొన్న ఆకులు ముడుచుకుని ఓర్చుకుంది; ఆలస్యంగా పడ్డ వానకు లేచి కంకి వేసింది. ఆ చలికాలం సదయ్య తలవంచుకుని ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

"అవ్వా, రెండు మానికల విత్తనం ఇయ్యవా?"

"ఇస్త. నీ పంట చేతికొచ్చినంక ఇంకిద్దరికి ఇయ్యాలె. గదే షరతు."

సదయ్య మాట తప్పలేదు. తెలంగాణ రాష్ట్రం వచ్చేనాటికి పద్నాలుగు ఇళ్లవాళ్లు పచ్చజొన్న వేస్తున్నారు. షుగరు వచ్చిన గని కార్మికుల ఇళ్లనుంచి ఆడవాళ్లు రొట్టెలకు జొన్నల కోసం ఆటోల్లో రాసాగారు. అలా వచ్చిన గ్లోరియా టీచరు, మనిషెత్తు పెరిగిన చేను చూసి, "ఇది ఏ కంపెనీ విత్తనం?" అని అడిగింది.

రాయమల్లు ముందుకొచ్చాడు. పెళ్లయిన నలభై ఏళ్లలో పరాయివాళ్ల ముందు భార్య పేరెత్తని మనిషి, ఛాతీ విరిచి గట్టిగా చెప్పాడు.

"కంపెనీ గింపెనీ ఏం లేదు మేడం. ఇది సారవ్వ విత్తనం."

సారవ్వ విననట్టే ఒక కంకి తెంపి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, పసుపుపచ్చని గింజలు టీచరు దోసిట్లో పోసింది.