కళ్లు మూసుకుని చూసే షెడ్డు

దేవదానం షెడ్డులో బాగుచేసిన బండిని కళ్లు తెరిచి చూడకూడదు. యలహంకలో పాత జీపుల సొట్టలు తీసేవాళ్లు ఇంకా కొందరున్నారు గానీ, ఇలాంటి నియమం పెట్టినవాడు ఇతనొక్కడే. రేకు నున్నగా వచ్చిందో లేదో అరచెయ్యే చెప్పాలట. కళ్లు అబద్ధమాడతాయి, అరచెయ్యి ఆడదు అంటాడు.

ఆ నియమం షెడ్డు గుమ్మం దగ్గర ఆగిపోయి ఉంటే అతనితో పనిచేసే మునీంద్రకు ఇంత విసుగు ఉండేది కాదు. ఇనుము కనబడితే చాలు, దేవదానం కళ్లు మూతలు పడతాయి, చెయ్యి ముందుకు పోతుంది. స్టాపులో ఆగిన సిటీ బస్సును నిమిరి, "ఎనక చక్రం పైన లోతు ఉండాది" అని డ్రైవరుకు చెప్పి తిట్లు తిన్నాడు. మునీంద్ర కూతురి పెళ్లిలో సాంబారు డేక్సా నిమిరి చెయ్యి కాల్చుకున్నాడు. కాలిన వేళ్లు ఊదుకుంటూనే, "అడుగున సొట్ట ఉండాదప్పా" అని వియ్యంకుడికి చెప్పాడు.

మునీంద్ర ఆ షెడ్డులో పెయింటరు. ఇరవై రెండేళ్లుగా దేవదానం రేకు కొట్టడం, మునీంద్ర రంగు వేయడం. పొద్దున దుమ్ము, సాయంత్రం దుమ్ము, మధ్యలో థిన్నర్ వాసన. నడుము నొప్పి గురించి, భుజం నొప్పి గురించి అడగకపోయినా అందరికీ చెబుతాడు. ఒక్క సంగతి మాత్రం భార్య రేణుకకు కూడా చెప్పలేదు. కళ్లకు పొరలు కమ్మాయి. మూడేళ్లుగా లోకమంతా మాసిపోయిన ప్లాస్టిక్ కవర్లోంచి చూసినట్టుంది. చూపు ఆనని పెయింటరును ఎవరు పనిలో పెట్టుకుంటారు? పనికన్నా ఆ భయమే అతన్ని ఎక్కువ అలసిపోయేలా చేసింది.

అలాంటి సమయంలో కృష్ణప్ప జీపు వచ్చింది. కృష్ణప్ప సర్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. టీ గ్లాసు కూడా వెలుతురుకు పట్టి చూస్తేగానీ తాగడు. నలభై ఏళ్ల జీపు అది. ఎడమ మడ్‌గార్డు తుప్పు పట్టి జల్లెడైపోయింది. మిగిలిన కాస్త రేకునూ ఎవరిదో గేటు నొక్కేసింది.

దేవదానం తుప్పు తిన్నంత మేరా కోసేసి కొత్త రేకు అతికాడు. వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందునుంచి సుత్తితో టకటకా కొట్టాడు. పది దెబ్బలకోసారి కళ్లు మూసుకుని నిమిరాడు.

"అయిందా?" అన్నాడు మునీంద్ర.

"ఇంకొక దెబ్బ ఉండాది."

"నిన్నా అదే అంటివి కదప్పా!"

"నిన్నటి దెబ్బ వేరే. రా, నువ్వూ కండ్లు మూస్కొని చూడు."

పన్నెండు రోజులు ఇదే పాట. మునీంద్ర నిట్టూర్చి, కళ్లు మూసుకుని రేకు నిమిరేవాడు. నిజం చెప్పాలంటే ఆవగింజంత ఎత్తు కూడా చేతికి తెలిసిపోయేది. ఈ షెడ్డులో కళ్లకు పనిలేకపోవడం ఎంత హాయిగా ఉందో మాత్రం పైకి అనేవాడు కాదు.

అసలు చిక్కు రంగు దగ్గర వచ్చింది. కొత్త బండ్లకైతే నంబరు చెబితే డబ్బా వస్తుంది. ఈ జీపు పచ్చ ఏ డబ్బాలోనూ లేదు. పాత బానెట్‌ను చూస్తూ చేత్తో కలుపుకోవాలి. మూడు రోజులు కలిపాడు మునీంద్ర. చివరికి మడ్‌గార్డు మూల కాస్త పూసి, ఆరనిచ్చి, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఎట్లుండాది?"

దేవదానం కళ్లు మూసుకుని, మడ్‌గార్డు నిమిరాడు. "నున్నగుండాది."

"నేను రంగు అడుగుతా ఉండా!"

"చేతికి రంగేం తెలుస్తాదప్పా?"

మునీంద్ర గుండె చిక్కబట్టుకుని రంగు కొట్టేశాడు.

కృష్ణప్ప వచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని మడ్‌గార్డు మీదికి వంగాడు. మునీంద్ర గుడ్డ తీసుకుని, తుడిచిన బానెట్‌నే మళ్లీ తుడవసాగాడు.

"సార్, కండ్లు మూస్కోవాల," అన్నాడు దేవదానం.

"నా బండిని నేను కండ్లు మూస్కొని చూడాల్నా?"

"ఈ షెడ్డు పద్ధతి సార్."

"ఎప్పట్నుంచి? పదేండ్ల కిందట ఈ బానెట్ చేయిస్తిని కదా. అప్పుడు నువ్వే కింద పండుకొని, ట్యూబ్‌లైట్ పెట్టుకొని, కండ్లు ఇంతింత చేసి చూస్తివే!"

"అది అప్పుడు. ఈ పద్ధతి పెట్టి మూడేండ్లే అయింది సార్."

మూడేళ్లు. మునీంద్ర చేతిలోని గుడ్డ ఆగిపోయింది. మూడేళ్ల క్రితం ఒక బండి తలుపుకు రంగు కొడుతూ జానెడు జాగా వదిలేసినట్టు అనుమానం వచ్చింది. మర్నాడు భయంభయంగా వచ్చి చూస్తే తలుపు నిండుగా రంగు ఉంది. ఆ పొద్దునే దేవదానం షెడ్డు మధ్య నిలబడి, ఇకమీదట ఇక్కడ అందరూ కళ్లు మూసుకునే చూడాలని చాటాడు.

కృష్ణప్ప బానెట్‌ను ఒకసారి, మడ్‌గార్డును ఒకసారి, మునీంద్రను ఒకసారి చూశాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని నిమిరాడు.

"నున్నగుండాది," అని జీపెక్కి వెళ్లిపోయాడు.

మునీంద్ర రంగు డబ్బా మీద కూలబడ్డాడు. "నా కండ్ల సంగతి నీకు తెలుసునా?"

"నాకెట్ల తెలుస్తాదప్పా? నేను కండ్లు మూస్కోనుంటి కదా."

దేవదానం సుత్తిని ఊరికే తుడుస్తూ కూర్చున్నాడు.

"బుధవారం కండ్ల ఆసుపత్రికి పోవాల. మూడేండ్లు మూసి మూసి నా కండ్లకే ఏమో అయింది. తోడు రా. పోయినాక నువ్వూ చూపించుకుందువు."

"మరి పని?"

"ఇంకొక దెబ్బ ఉండాదని చెప్తాంలే అందరికీ!"

ఆసుపత్రిలో దేవదానం వరసగా ఉన్న స్టీలు కుర్చీలన్నీ నిమిరి, మూడో కుర్చీ బాగాలేదని నర్సుకు చెప్పాడు. అతని చూపు భేషుగ్గా ఉందన్నారు. మునీంద్రకు మాత్రం రెండు కళ్లకూ, ఒకదాని తర్వాత ఒకటి, ఆపరేషన్ చేశారు.

మూడు నెలలకు కృష్ణప్ప జీపు మళ్లీ షెడ్డు ముందు ఆగింది. కొత్త కళ్లతో దాన్ని చూసి మునీంద్ర తల పట్టుకున్నాడు.

"అయ్యయ్యో! బానెట్ ముదురాకు పచ్చ, మడ్‌గార్డ్ చిలకపచ్చ! సార్, ఇన్నాళ్లూ ఊరంతా ఇట్లే తిరిగితిరా?"

"ఆ పొద్దే చూస్తిని," అన్నాడు కృష్ణప్ప దిగుతూ. "ముందు పెయింటరు నయం కానీలే, మడ్‌గార్డుకేం తొందర అనుకుంటిని."

దేవదానం అప్పటికే కళ్లు మూసుకుని మడ్‌గార్డు నిమురుతున్నాడు. "ఎందుకప్పా అంత అరుస్తావు? కండ్లు మూస్కో. చేతికి రెండూ ఒకటే."

మునీంద్ర మూసుకోలేదు. ఆ రెండు పచ్చలనూ తనివితీరా చూసుకుని, నవ్వుకుంటూ రంగు డబ్బా మూత తీశాడు.