అమ్మ చేతిలో మోటరు

పక్కింట్లో ఎవరైనా ఆలుగడ్డలు ఉడకబెట్టి ఆ వేడినీళ్లు మోరీలో పారబోస్తే చాలు, కోదాడలో ఈ కిరాయి గదిలో కూర్చుని బడిపిల్లల లెక్కలు దిద్దుకునే నేను ఎర్రకలం పక్కన పెట్టేస్తాను. అది మునగాలలో మా వంటింటి వాసన. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ కిడ్నీలు రెండూ పాడైపోయాయి. అప్పటి నుంచి మా ఇంట్లో కూరగాయలు సన్నగా తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లన్నీ వంపేసి, మిగిలిన దాన్నే వండేవాళ్లు, ఎందుకంటే ఆ నీళ్లలోకి దిగే సారమే ఆమెకు పడదని దవాఖానలో చెప్పారు. "సారమంత మోరీల పోసి పిప్పి తినుడేందిరా" అని నాయనమ్మ రోజూ సణిగేది. నాయిన హైవే మీద డాబాలో వంటమాస్టరు. లారీ డ్రైవర్లకు పిడికిళ్లకొద్దీ ఉప్పూ కారం వేసి వండే మనిషి, ఇంటికొచ్చి అమ్మ కూరలో చిటికెడు ఉప్పు వేయడానికి రెండుసార్లు ఆలోచించేవాడు.

అందరి ఇళ్లలో వారానికి ఏడు రోజులుంటే మా ఇంట్లో మూడే ఉండేవి: మెషీన్ రోజు, మంచి రోజు, ఉబ్బిన రోజు. మంగళ, గురు, శనివారాలు మెషీన్ రోజులు. తెల్లారకముందే మొదటి బస్సుకు అమ్మానాయినలు సూర్యాపేట వెళ్లేవాళ్లు, అక్కడ నాలుగు గంటలు మెషీన్ ఆమె రక్తాన్ని కడిగేది. మధ్యాహ్నం నాయిన భుజం పట్టుకుని బస్సు దిగే అమ్మకు ముఖం తెల్లగా పాలిపోయేది, పిక్కలు పట్టేసేవి, తలనొప్పికి కళ్లు తెరవలేకపోయేది. నేను బడి నుంచి రాగానే చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా లోపలికి వెళ్లి, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని పిక్కలు పిసికేదాన్ని. ఏదన్నా అడగబోతే నాయనమ్మ "ఇయ్యాల గాదు, రేపు అడుగు" అనేది.

ఆ రేపటి కోసమే నేను బతికేదాన్ని. బుధవారం, శుక్రవారం, ఆదివారం పొద్దున లేచేసరికి అమ్మ అప్పటికే లేచి, తలస్నానం చేసి, ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటూ నన్ను ఏదో ఒకటి అని ఏడిపించేది. మార్కుల కాగితం మీద సంతకం, చిరిగిన గౌనుకు కుట్టు, రెండు జడలు, చింతగింజలతో అష్టాచెమ్మా, అన్నీ ఆ రోజులకే దాచిపెట్టుకునేదాన్ని. ఆటలో తొండి చేసేది నేను, దొరికిపోయేదీ నేనే. ఎండాకాలంలో తాటిముంజలు వలిచి నా నోట్లో పెట్టి, తనకు రోజుకు ఇన్ని నీళ్లే అని కొలత ఉంది కాబట్టి వేళ్లు మాత్రం వాసన చూసుకుని, మిర్యాలగూడలో వాళ్ల పుట్టింటి వెనక రైస్ మిల్లు గురించి, వేడివేడి తవుడు వాసన గురించి, వడ్లకుప్పల మీద నుంచి జారి ఒళ్లంతా దురద పెట్టుకున్న రోజుల గురించి చెప్పేది. సోమవారానికి మళ్లీ కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. చిన్న ఐసుముక్క నోట్లో పెట్టుకుని మంగళవారం కోసం చూసేది.

మెషీన్‌కు రక్తం తీయడానికి అమ్మ ఎడమ చేతిలో ఆపరేషన్ చేసి రెండు నరాలు కలిపారు. అక్కడ చెవి పెడితే లోపల జుయ్ జుయ్‌మని రక్తం పారే చప్పుడు వినిపించేది. అది ఆగితే మెషీన్ లేదు, మెషీన్ లేకపోతే అమ్మ లేదు. అందుకే పొద్దునా సాయంత్రం తప్పకుండా వినాలని, ఆ చేతికి బరువులు, గాజులు, గడియారం ఏవీ పనికిరావని దవాఖానలో గట్టిగా చెప్పారు. వినే ఉద్యోగం నాది. "ఏమే, మోటరు నడుస్తుందా?" అని అమ్మ అడిగేది. "నడుస్తుందమ్మా" అని చెప్పాకే నేను మొహం కడుక్కునేదాన్ని. ఆ చేయి వెచ్చగా, చెంపకు మెత్తగా ఉండేది, అవసరానికి మించి కాసేపు ఎక్కువే వినేదాన్ని.

నాకు పదేళ్లు నిండిన ఏడాది సద్దుల బతుకమ్మ శనివారం పడింది. అంతకు వారం ముందు నుంచే గునుగుపూలకు రంగులద్దడం, తంగేడు కోసం చెలకల వెంట తిరగడం, నువ్వులు వేయించిన వాసన, కొబ్బరి కోరిన వాసన, నాయనమ్మ కలిపే పులిహోరలో చింతపండు వాసన. ఇన్నింటి మధ్య నా క్లాసుమేటు ఒకతి అందరి ముందూ "మీ అమ్మకు ఒక్క చేతికే గాజులేందే?" అని అడిగింది. నా నోటికి ఊళ్లో పేరుంది, కానీ ఆ రోజు కోసిన పూలు అక్కడే వదిలేసి ఇంటికి ఉరికాను. శనివారం సాయంత్రం, మెషీన్ నుంచి వచ్చి పడుకున్న అమ్మను లేపి ఏడుపు మొహంతో నిలబడ్డాను.

"ఇయ్యాల రెండు చేతులకు ఏసుకోవే అమ్మా. జర సేపే."

"ఆ చేతికి వద్దన్నరు గద బిడ్డా" అంది. నా మొహం చూసింది. "సరె తియ్, సబ్బు తే."

సూదులు గుచ్చిన చోట పట్టీలు ఇంకా అలాగే ఉన్నాయి. సబ్బు రాసి, పెళ్లినాటి ఆకుపచ్చ గాజులు నేనే డజను ఎక్కించాను, బిగుతుగా పట్టాయి. అమ్మ ఆడింది. పాదం పాదానికీ ఒంగి, రెండు చేతులూ చరుస్తూ, నిలబడే ఓపిక లేని మనిషి బతుకమ్మలను చెరువుకు ఎత్తేదాకా ఆడింది. నేను ఆ క్లాసుమేటు పక్కనే వెళ్లి నిలబడ్డాను. ఇంటికి రాగానే గాజులతోనే, ఆ చేయి కిందేసుకుని నిద్రపోయింది.

ఆదివారం పొద్దున చెవి పెడితే ఏమీ వినిపించలేదు. కాస్త పైన పెట్టాను, కింద పెట్టాను, రెండో చెవి పెట్టాను. చేయి చల్లగా ఉంది. అమ్మ కళ్లు తెరవకుండానే "నడుస్తుందా?" అంది.

"నడుస్తుందమ్మా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. భయం, అంతే. సబ్బు తెచ్చి గాజులు ఒక్కొక్కటే తీసేశాను, తీస్తే మళ్లీ మొదలవుతుందనుకున్నాను. అలసిపోయి ఆమె ఆ రోజంతా పడుకునే ఉంది, నేను గడప మీదే కూర్చున్నాను. సాయంత్రం స్నానానికి లేచి చేయి తడుముకుని, "మీ నాయినను పిలువు" అంది. ఆ రాత్రే నాయిన ఆమెను హైదరాబాదు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు, పొద్దున్నే తెచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లమన్నాడట. తిరిగొచ్చాక నాయిన నన్ను నిలబెట్టి "పొద్దుగాల ఇన్నవా లేదానే?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"అది యాడ ఇన్నది. నేను నిద్రల ఉంటి, దాన్ని పిలువనే లేదు."

గాజుల తిట్లు కూడా ఆమే తిన్నది. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. నా తల్లి అబద్ధమాడగా విన్నది ఆ ఒక్కసారే.

రెండు నెలలు మెడలో గొట్టంతో మెషీన్ ఎక్కింది, ఆ తర్వాత కుడి చేతికి ఆపరేషన్ అయింది. "ఇగ ఎడమ చేయి ఖాళీ అయింది, పండగలకు కొదవ లేదు" అని నవ్వి, నాలుగు గాజులు వేసుకుని నాయనమ్మకు చూపించింది. మంచి రోజు వచ్చిందంటే చాలు, "ఇటు రాయే, కొత్త మోటరు బిగిచ్చిన్రు, ఇను" అని కుడి చేయి చాచేది. నేను హోంవర్కు ఉందనేదాన్ని, జ్వరమనేదాన్ని, బయటికి ఉరికేదాన్ని. మళ్లీ చెవి పెట్టాలంటే, మళ్లీ ఏమీ వినిపించకపోతే ఏం చెప్తానోనని నా మీద నాకే భయం. నాయిన డాబాకు పోయేముందు తనే వంగి వినడం అలవాటు చేసుకున్నాడు. ఒకసారి అమ్మ మెల్లగా, "ఏం గాదు బిడ్డా, రా" అంది. "సదువుకోవాలె" అని లేచిపోయాను. తర్వాత ఆమె పిలవడం తగ్గించింది.

అమ్మ పోయి అయిదేళ్లు. మునగాల ఇంట్లో ఇప్పుడు కూరగాయల నీళ్లు ఎవరూ పారబోయరు, అమ్మ పడుకునే నులకమంచం అటక మీద ఉంది, బుధవారానికీ గురువారానికీ తేడా లేదు. నాకు మంచి రోజులు లేకపోలేదు, కానీ వాటి కోసం ఏదీ దాచిపెట్టుకోవడం లేదు. ఆమెను అడగాల్సినవి ఎన్నో ఉండిపోయాయి, పిక్కలు పిసకాలని చేతులు గుంజుతాయి. మొన్న నాయిన వచ్చినప్పుడు భోజనం దగ్గర, ఆ ఆదివారం పొద్దున్నే విని దాచిన సంగతి మొత్తం చెప్పేశాను. ఆయన అన్నం కలుపుతూ ఆగి, "నాకు ఎరుకే" అన్నాడు. "మీ అమ్మ చెప్పింది. మళ్ల నిన్ను అడగొద్దని ఒట్టేయించుకుంది."

కుడి చేతి చప్పుడు ఎట్లుండేదని అడిగాను. "పాతదాని లెక్కనే, జర మెల్లగ" అన్నాడు.

ఆరేళ్లు అది మా ఇంట్లో మోగింది. నేను ఒక్కసారి కూడా వినలేదు.