అక్కను ప్రార్థన అంశం చేశారు

అలసిన మనిషిని ఎందుకు అలసిపోయావని తిట్టని దేవునికి స్తోత్రం. కన్నీళ్లను తక్కువ విశ్వాసంగా లెక్కగట్టని ప్రభువుకు మహిమ కలుగును గాక. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆయన పేరు పెట్టుకుని మా ఆఫీసులో జరిగినదాని మీదే నా బాధంతా.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాండు వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మా సంస్థ ఉంది. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లు ఫోన్ చేస్తే వినడం, వాళ్లకో దారి చూపించడం మా పని. మన్సూరాబాద్‌లో మా సంఘపు ఆదివారం బడిలో వాక్యం కంఠస్థం చేస్తూ పెరిగినదాన్ని నేను. ఈ ఉద్యోగం దొరికినప్పుడు పిలుపు అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

నా పక్క కుర్చీలో, మేమంతా అక్క అని పిలిచే ఆమె కూర్చునేది. తుర్కయంజాల్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. మా అందరికంటే పాత ఉద్యోగి. ఆమె బొంగురు గొంతు వింటే అవతల ఏడుస్తున్నవాళ్లకు ఊపిరి అందేది. "ఏడువు బిడ్డా, మంచిగ ఏడువు. నేనేడికి పోను, ఈడనే ఉన్న" అనేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఒకామె స్నానాల గదిలోంచి ఫోన్ చేసింది. మాటలు బయటికి వినపడకుండా నల్లా తిప్పుకుంది. అక్క మాట్లాడుతుండగానే ఎవరో తలుపు బాదారు. ఫోన్ ఆగిపోయింది. పోలీసులకు, చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పాం. ఆ నంబరు మళ్లీ కలవలేదు. ఆమె ఏమైందో ఇప్పటికీ తెలియదు.

ఆ తరువాత అక్క నిద్రపోవడం మానేసింది. ఇంట్లో నల్లా తిప్పితే బయటికి వెళ్లి నిలబడేదట, బిందెలు మొగుడే నింపేవాడట. ఆఫీసులో ఫోన్ మోగితే ఎత్తేది, మాట్లాడేది కూడా. కానీ పెట్టేశాక చేతులు రెండూ ఒళ్లో దాచుకునేది. దవాఖానలో డాక్టరమ్మ మందులు రాసి, కొంతకాలం ఆ ఫోన్లకు దూరంగా ఉండమంది.

మా సంస్థ పెద్దను అందరం అయ్యగారు అంటాం. కోస్తా నుంచి వచ్చిన మనిషి, వాక్యం బాగా చెబుతారు. నన్ను తోడు తీసుకుని అక్క ఆయన దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, జర కొన్ని దినాలు నన్ను ఫోన్ల కాడికెల్లి తియ్యుండ్రి. తుర్కయంజాల్ల మన సంస్థ కుట్టు సెంటర్ల జాగ ఖాళీ ఉంది గద. ఆడ పిల్లలకు మిషన్ నేర్పుత. జీతం గింత తగ్గినా సరే."

"తప్పకుండానమ్మా. ముందు దీన్ని దేవుని సన్నిధిలో పెడదాం" అన్నారాయన.

మెట్లు దిగుతూ అక్క నా చెయ్యి పిసికింది. ఒప్పుకున్నారనే ఇద్దరం అనుకున్నాం.

సోమవారం పొద్దున పనికి ముందు సిబ్బందంతా కలిసి ప్రార్థించడం మా ఆనవాయితీ. ఎవరింట్లో జ్వరం, ఎవరి పిల్లకు పరీక్ష, ఇవన్నీ ప్రార్థన అంశాలు. ఆ సోమవారం అయ్యగారు అక్కను మధ్యలో నిలబెట్టారు. "మన సిస్టర్ గారిని భయపు ఆత్మ పీడిస్తోంది. రాత్రుళ్లు నిద్ర లేదు, మందులు వాడుతున్నారు. అందరూ చేతులు చాపండి" అన్నారు. పైకి లేచిన అన్ని చేతుల కింద అక్క తల వంచుకుని నిలబడింది. ఆమె అడిగింది కుట్టు మిషన్ పక్కన కుర్చీ. ఆ మాట ఆ ప్రార్థనలో ఎక్కడా రాలేదు.

ఇక అక్కడి నుంచి ఆమె ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు. "ప్రార్థిస్తూనే ఉన్నాం కదమ్మా."

మిగతావాళ్లు ఊరుకుంటారా? "ఏంటి సిస్టర్, భయం పోయిందా? ముఖంలో ఇంకా వెలుగు రాలేదేంటండీ!" అని లెక్కలు చూసే ఆమె అడిగేది. డ్రైవరైతే, "అక్కా, జర సూసి ఎత్తు, లైన్ల దయ్యం గిట్ల ఉంటది" అని నవ్వేవాడు.

ఒకరోజు అన్నం తింటుంటే బైబిల్ కథొకటి గుర్తొచ్చి నేనన్నాను. "మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం గొడవలు వింటుంటే వాళ్ల మామ ఏమన్నడు అక్కా? ఇట్లయితే నలిగిపోతవు, పని నలుగురికి పంచమన్నడు. కూసొని ప్రార్థన చేద్దాం అనలే గద."

అక్క చాలా రోజులకు నవ్వింది. "ఊకో చెల్లె. ఆ మామ గిట్ల మన ఆఫీసుకొస్తే, ఆయన్ని గూడ సోమవారం నడుమల నిలవెడ్తరు."

డబ్బు పంపే విదేశీయులు సిబ్బంది మానసిక ఆరోగ్యం గురించి అడిగారట. దాంతో ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్ తీసుకుని, బ్యానర్ కట్టి, ఒకరోజు కార్యక్రమం పెట్టారు. బయటి నుంచి వచ్చిన శిక్షకుడొకడు మా అందరికీ బెలూన్లు పంచాడు. ఒత్తిడినంతా లోపలికి ఊది, ఒక్కసారే పగలగొట్టమన్నాడు. అందరూ కేరింతలు కొడుతూ పగలగొట్టారు. అక్క రెండు చెవులూ మూసుకుని కుర్చీలో ముడుచుకుపోయింది. ఆమె బెలూన్ ఊదకుండానే కింద పడి ఉంది.

భోజనాలకు ముందు అయ్యగారు మైకు తీసుకుని, మన ప్రార్థనలకు జవాబు వినండి, సిస్టర్ గారు సాక్ష్యం చెబుతారు అన్నారు. ఫోటోలు తీసేవాడు ముందుకొచ్చాడు.

అక్క లేచింది. "దేవునికి స్తోత్రం. నాకింక భయమైతనే ఉంది. దేవుడు నన్ను ఇడిసిపెట్టలే, గది నాకెరుకే. ఫోన్ల కాడికెల్లి తియ్యుమని అడిగిన, గంతే. ఇంక తియ్యలే."

ఫోటోలు తీసేవాడు కెమెరా దించేశాడు. మైకు వెనక్కి వెళ్లింది. "ఇంకా పట్టుదలగా ప్రార్థిద్దాం" అని అయ్యగారు భోజనాలకు లేవమన్నారు.

మరుసటి వారం ఆమెను ఇంట్లో ఉండమన్నారు. కుట్టు సెంటర్ సంగతేమిటని నేనే వెళ్లి అడిగాను.

"అక్కడ ఆడపిల్లలుంటారు కదమ్మా. ఈవిడ పరిస్థితి నలుగురికీ తెలిసిపోయింది. తల్లిదండ్రులు ఊరుకోరు."

"ఎవరు చెప్పిండ్రు అయ్యగారూ నలుగురికి?"

"ప్రార్థన కోసమే కదా చెప్పాం!" అన్నారాయన. నిజంగానే నొచ్చుకున్నారు. ఆ నొచ్చుకోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

కుట్టు సెంటర్‌లోకి వేరే ఆమె వచ్చింది. అక్కకు ఉద్యోగం పోయింది. నేను ఫోన్ చేస్తే ఆమె మొగుడు ఎత్తుతాడు. "మంచిగనే ఉందమ్మా. ఫోన్ మాత్రం ముట్టదు" అంటాడు. వెనక నుంచి అక్క దగ్గు వినిపిస్తుంది. ఆమెకు ఇవ్వమని అడగను. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వెళ్లి ఆమె పక్కన కూర్చుని వస్తుంటాను.

ఇది చదివినవాళ్లూ, నాతో పాటు ప్రార్థించండి. ఆమె పేరు నేను చెప్పను, మీరు అడగకండి, దేవునికి తెలుసు. చేతులు చాపొద్దు, గొంతెత్తొద్దు. తండ్రీ, నీ బిడ్డకు ఈ రాత్రి నిద్ర దయచేయి. ఆమె చేయగలిగిన పని ఆమెకు చూపించు. నీ పేరు చెప్పుకుని చేయాల్సిన పని తప్పించుకునే మాకు సిగ్గు పుట్టించు. నా కోపం పాపమైతే దాన్ని కూడా నీవే చూసుకో. ఆమేన్ అనండి. అన్నాక, మీ దగ్గర పనిచేసే మనిషి ఏమడిగిందో గుర్తు తెచ్చుకుని, అది ఇచ్చేయండి.